బాడుగకు ఇవ్వబడును

మన ఊళ్లలో గేట్లకు వేలాడే రేకుబోర్డుల తెలుగులో కర్త ఉండడు. 'ఇల్లు బాడుగకు ఇవ్వబడును.' ఎవరిస్తారు? తెలీదు. ఎవరికిస్తారు? అదీ తెలీదు. బడిలో మా తెలుగు అయ్యవారు ఈ 'బడు' ధాతువు మన నుడికి సహజం కాదురా, వాడొద్దు అని బెత్తం పట్టుకుని చెప్పేవాడు. ఆయన మాట పుస్తకాలు కొంత విన్నాయి గానీ బోర్డులు వినలేదు. ఎందుకు వినలేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇచ్చేవాడు వాక్యంలో కనపడకుండా ఉండాల్సిన అవసరం ఉంది. ఇవ్వనప్పుడు కూడా అదే వ్యాకరణం పనికొస్తుంది. ఫలానా వాళ్లకు 'ఇవ్వబడదు' అని కర్నూల్లో గానీ కడపలో గానీ ఎవరూ బోర్డు రాయించరు. కానీ ఇవ్వబడదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు పాతపట్నంలోకి వచ్చాయి. మా ఇల్లు కప్పుదాకా మునిగింది. నీళ్లు తీసినాక నాన్న ఉర్దూ పుస్తకాలు, ఆయన కుట్టుమిషను, నా బి.ఏ. పట్టా అన్నీ ఒకే రంగు బురద. అమ్మ ఇక ఏటి పక్కన ఉండనంది. అప్పుడు మొదటిసారి మేము ఎత్తు మీదికి, కల్లూరు వైపు, నంద్యాల రోడ్డు వైపు కొత్తగా లేచిన కాలనీల్లోకి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. ఊరికి కాస్త ఎడంగా ఉండే వీధులు. ఇంటి ముందు కానుగ చెట్టు, కడప బండలు పరిచిన వసారా, మధ్యాహ్నం రెండింటికి కుక్క కూడా మొరగని నిశ్శబ్దం. వరద చూసొచ్చిన కళ్లకు స్వర్గంలా ఉండేవి.

ఫోనులో నా తెలుగు విని ఎవరికీ అనుమానం రాదు. రాయడం, దిద్దడం నా ఉద్యోగం కదా. 'రండి సార్, సాయంత్రం చూసుకోండి' అనేవాళ్లు. గేటు దగ్గర పేరు అడిగేవాళ్లు. పేరు చెప్పగానే ముఖంలో ఒక చిన్న సర్దుబాటు జరుగుతుంది. కోపం కాదు, అసహ్యం కాదు. ఇబ్బంది. 'మీరు సాయిబులా సార్? మాట చూస్తే ఎక్కడా తెలీలేదే' అని మెచ్చుకుంటూనే, మొన్ననే ఎవరికో మాటిచ్చిన సంగతి అప్పుడే గుర్తొచ్చేది. కొందరి తమ్ముడు బెంగుళూరు నుంచి వచ్చేస్తున్నాడు. 'మాకేం పట్టింపు లేదప్పా, పైన మా అత్త ఉంది, ఆమె కాలం మనిషి' అన్నవాళ్లు ఎక్కువ. ఆ అత్తలందరినీ ఒకచోట చేరిస్తే ఒక రాజకీయ పార్టీ పెట్టొచ్చు. వాళ్లలో ఒక్కరినీ నేను చూడలేదు. ఇంటికొస్తే నా భార్య 'క్యా బోలే?' అని అడిగేది. 'నక్కో బోలే' అనేవాణ్ణి. నిజానికి ఆ మాట ఎవరూ అనలేదు. అన్న మాటలన్నిటినీ దక్కనీలోకి అనువదిస్తే ఆ రెండు ముక్కలే మిగిలేవి. తొమ్మిది ఇళ్ల తర్వాత బురద కడుక్కుని పాత ఇంటికే వెళ్లిపోయాం.

హైదరాబాదులో ఇల్లు వెతుక్కునే ముస్లిం దంపతుల గురించి స్కైబాబ రాసిన 'వెజిటేరియన్స్ ఓన్లీ' కథ చాలామంది చదివే ఉంటారు. 2016లో ఆయన కథల ఇంగ్లిషు సంపుటి ఆ పేరుతోనే వచ్చింది. ఆ కథ గురించి మాట్లాడేవాళ్లు దాన్ని మహానగరం కథగా మాట్లాడతారు. నగరం మనుషుల్ని ఎరగదు, అందుకే అనుమానిస్తుంది అంటారు. నాకు ఈ వివరణ చాలదు. కర్నూల్లో నాకు ఇల్లివ్వని తొమ్మిది మందిలో ఒకాయన మా అన్నతో కలిసి ఉస్మానియా కాలేజీలో చదివాడు. ఇంకొకాయన పెళ్లి కోటు మా నాన్న కుట్టాడు. ఆయన నాన్న ఆరోగ్యం అడిగి, టీ ఇప్పించి, వీధి చివరిదాకా వచ్చి సాగనంపాడు. ఎరిగినవాడు కాదన్నప్పుడు మనం పోట్లాడలేం. చెడ్డవాడు కాదు కదా అని మనమే సర్దిచెప్పుకుంటాం. చిన్న ఊళ్ల వివక్షకు మర్యాదే గొళ్లెం. మన కథలు ఈ మర్యాద దాకా ఇంకా పూర్తిగా రాలేదని నా ఫిర్యాదు.

ఇక శాకాహారం. 2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ (ఎస్‌ఆర్‌ఎస్) సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 98 మంది మాంసం తింటారని తేలింది. సర్వే అక్కర్లేదు, ఆదివారం పొద్దున కర్నూలు మటన్ అంగళ్ల ముందు ఎవరు నిలబడి ఉంటారో చూస్తే చాలు. సంగటి, నాటుకోడి పులుసు లేకుండా సీమలో మర్యాద జరగదు. పల్లెల్లో పొట్టేలును కోయడానికి ఇప్పటికీ సాయిబును పిలుచుకుపోయే ఇళ్లున్నాయి. మా చేత్తో కోసింది మీ వంటింట్లో ఉడుకుతుంది, మా వంటింట్లో ఉడికితే మాత్రం వాసన. అందువల్ల బోర్డు మీద 'శాకాహారులకు మాత్రమే' అన్న మాటను ఆహారానికి సంబంధించిన మాటగా చదవకూడదు. నిజంగా మాంసం ముట్టని ఇళ్లవాళ్లు తమ గోడ పక్కన అది వండొద్దంటే నేను అర్థం చేసుకోగలను. కానీ బోర్డు రాయించేది వాళ్లొక్కరే కాదు. ఆదివారం నాటుకోడి తిని, సోమవారం ఆ బోర్డు తుడిచి పెట్టేవాళ్లను నేనెరుగుదును. ఆ మాట వాళ్లకు జల్లెడ. ఆ జల్లెడలో మేమూ పడతాం, మాదిగలూ మాలలూ పడతారు. ఎవరినీ పేరుపెట్టి అనే పాపం ఉండదు.

సినిమాలవైపు ఒకసారి చూద్దాం, ఎందుకంటే మన మధ్యతరగతి సెక్యులరిజం చాలావరకు సినిమాహాల్లో తయారైంది. 1955లో వచ్చిన 'మిస్సమ్మ' మనందరికీ ప్రియమైన సినిమా. నాకూ ప్రియమే. దంపతులకు మాత్రమే ఇచ్చే ఉద్యోగం కోసం ఒక హిందూ యువకుడు, ఒక క్రైస్తవ యువతి భార్యాభర్తలుగా నటిస్తారు. మేరీ తన పేరు దాచి ఒక పెద్దింటి ఆవరణలో కాపురం నటించాలి. బొట్టు దగ్గర, పూజ దగ్గర ఆమె పడే చిరాకు చూసి మనం డెబ్బై ఏళ్లుగా నవ్వుతున్నాం. చివర్లో ఏమవుతుంది? ఆమె ఆ ఇంటివాళ్ల తప్పిపోయిన కూతురేనని తేలుతుంది. చిక్కుముడి విడిపోతుంది, అందరూ కళ్లు తుడుచుకుంటారు. మేరీ మేరీగానే ఆ ఇంట్లో ఉండిపోయి ఉంటే కథ ఎలా ముగిసేదో ఆ సినిమా ఆలోచించలేదు. ఇల్లు దొరకాలంటే పుట్టుక మారాలి. సావిత్రి అంత చక్కగా నటించింది కాబట్టి ఆ షరతు మనకు షరతులా అనిపించలేదు.

దాని పక్కన 1973లో ఎం.ఎస్. సత్యు తీసిన 'గరమ్ హవా' పెట్టి చూడండి. దేశవిభజన తర్వాత ఆగ్రాలో ఉండిపోయిన సలీం మీర్జా కుటుంబం తరతరాల హవేలీ పోగొట్టుకుని బాడుగ ఇంటి కోసం తిరుగుతుంది. ఇల్లు వదలనని ముసలమ్మ వంటచెరుకు పెట్టుకునే కొట్టులో దాక్కుంటుంది. బల్‌రాజ్ సహానీ గేటు ముందు నిలబడే తీరు చూడండి. వంగడు, బతిమాలడు, కోప్పడడు. ఆ నిలబడడం మా ఇళ్లలో మగవాళ్లందరికీ తెలుసు. అది ఉర్దూ సినిమా అనీ, ఉత్తరాది సంగతి అనీ మన విమర్శకులు పక్కన పెట్టేశారు. తెలుగులో బాడుగ ఇల్లంటే హాస్యకథ. నీళ్లకుళాయి పేచీ, పిసినారి ఓనరు, బాడుగ ఎగ్గొట్టే బ్రహ్మచారి. ఆ కథల్లో బాడుగకుండేవాడికి మతం ఉండదు. ఉండదంటే ఏ మతమో చెప్పనక్కర్లేదని అర్థం.

మా నానమ్మ చెప్పే ఇంకో బాడుగ కథ ఉంది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఊళ్లో ఇళ్లు చాలలేదు. కచేరీలు గుడారాల్లో నడిచాయి. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు ఎక్కడ గది దొరికితే అక్కడ దిగారు. ఒక కోస్తా బ్రాహ్మణ గుమాస్తా కుటుంబం మా ఇంటి ముందు భాగంలో ఉండేది. నానమ్మ మాంసం పెరట్లో వేరే పొయ్యి మీద వండేది, వాళ్లు మా కుండలో నీళ్లు ముట్టేవాళ్లు కాదు, తెచ్చుకునేవాళ్లు. దీన్ని మతసామరస్యానికి ఉదాహరణగా చెప్పమని ఒక సభలో నన్నడిగారు. నేను చెప్పలేదు. వాళ్లకు అవసరం, మాకు డబ్బు, మధ్యలో ఒక కుండ ఎడం. కానీ ఒక్కటి గమనించాలి. సర్దుకున్నది ఇల్లిచ్చినవాళ్లు. ఇప్పుడు సర్దుకోవాల్సింది ఇల్లడిగినవాళ్లు. రెండుసార్లూ పొయ్యి పెరట్లోకి పోయింది మాదే. ఆ ఉద్యోగుల కోసం తర్వాత కట్టిన క్వార్టర్లే ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేర్లతో ఊళ్లో నిలిచాయి. సర్కారు క్వార్టరు జీతం శ్రేణి అడుగుతుంది, వంటింట్లో ఏముందో అడగదు. మా పెద్దలు గవర్నమెంటు నౌకరీ కోసం అంతగా తపించడానికి జీతం, పింఛనుతో పాటు ఇదీ ఒక కారణమేమో అనిపిస్తుంది.

చట్టం ఏం చేస్తోంది అని అడిగే లౌకిక మిత్రులుంటారు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం తీసి చదవండి. అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, వీటిలో ఎవరినీ మతం పేరిట, కులం పేరిట ఆపకూడదంటుంది. బాడుగ ఇల్లు ఆ జాబితాలో లేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె చట్టం లోపలున్నవాణ్ణి ఎప్పుడు ఖాళీ చేయించొచ్చో వివరంగా చెప్పింది, గేటు బయట నిలబడ్డవాడి ఊసెత్తలేదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదు పార్సీ గృహనిర్మాణ సంఘం కేసులో, సభ్యత్వం తమవాళ్లకే అన్న నిబంధన చెల్లుతుందంది. ఆ మరుసటి ఏడు సచార్ కమిటీ, ముస్లింలకు ఇల్లు కొనడంలో, బాడుగకు తీసుకోవడంలో పేరే అడ్డమవుతోందని రాసింది. అంతవరకే.

కడపకు బదిలీ అయినప్పుడు మళ్లీ వెతుకులాట. ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట ఒప్పుకోవాలి. ఉగాది నాడు దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వెళ్తారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచని, వెంకన్న మా అల్లుడని నమ్మకం. తరతరాలుగా ఉన్న ఆచారం, నిజమైన భక్తి. బురఖాల ఆడవాళ్లు కొబ్బరికాయలు పట్టుకుని వరుసలో నిలబడిన ఫొటో ఏటా పత్రికల్లో వస్తుంది. ఒక ఏడు ఆ వార్త నేనే రాశాను. మతసామరస్యానికి కడప నెలవు అని శీర్షిక పెట్టాను. మరుసటి వారం ఒక కాలనీలో ఇల్లు చూడబోతే ఓనరు నా పేరు విని గుర్తుపట్టాడు. 'ఆ ఉగాది వార్త మీదేనా సార్, మా ఆవిడ కత్తిరించి పెట్టుకుంది. మన కడపలో ఆ భేదాలే లేవు సార్' అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇల్లు మాత్రం వాళ్ల మేనల్లుడికి అనుకున్నారట. తిరిగొస్తూ ఆలోచిస్తే ఆ వార్త రాసినందుకు సిగ్గేసింది. రాసింది అబద్ధం కాదు. కానీ అది ఆయన చేతికి నేనిచ్చిన రసీదు. ఏడాదికి ఒకరోజు గుడి వాకిట్లో ఫొటో ఉన్నాక, మిగతా రోజుల్లో వీధిలో మేమున్నామా లేదా అన్న లెక్క ఎవరడుగుతారు? పెద్దదర్గా ఉరుసుకు అన్ని మతాలవాళ్లూ వస్తారన్న వార్తదీ ఇదే పని. పండుగ వార్తలు రాయొద్దని కాదు నేననేది. దాని పక్క కాలంలో బాడుగ ఇంటి వార్త ఎప్పుడూ లేకపోవడం గురించి అంటున్నాను. ఆ కాలం నింపే ఉద్యోగంలోనే నేనూ ఉన్నాను.

చివరికి యూనియన్ మిత్రుడొకాయన పూచీ మీద ఇల్లు దొరికింది. ఓనరు రిటైరైన ఉద్యోగి, మంచి మనిషి. 'చికెను, మటను మాకూ ఉంది సార్. ఆ పెద్ద... అదొక్కటి మాత్రం...' అని ఆగిపోయాడు. పెద్దకూర అనే మాట ఆయన నోట పలకలేదు. నేనూ అందించలేదు. ఇద్దరం కానుగ చెట్టు వైపు చూశాం.

ఆ ఇంట్లో మూడేళ్లున్నాం. ప్రకటనల్లో 'ప్రశాంత వాతావరణం' అని రాస్తారే, అది ఎలా తయారవుతుందో అక్కడ చూశాను. రంజాన్ నెలలో తెల్లవారుజామున సహర్ కోసం లేస్తే నా భార్య గిన్నె మీద గిన్నె తగలకుండా గుడ్డ చుట్టేది. పిల్లలు గుసగుసలతో తినేవాళ్లు. ఎముకలు రెండు కవర్లలో కట్టి, ఆఫీసుకు పోతూ రెండు వీధుల అవతల పారేసేవాణ్ణి. బక్రీదుకు పొట్టేలును మరదలి ఇంట్లో కట్టేశాం. మా ఇంట్లో మనుషులు మెల్లగా మాట్లాడ్డం నేర్చుకున్నారు. అదే వీధిలో వినాయకచవితికి తొమ్మిది రోజులు మైకు మోగేది. అయ్యప్ప భజన తెల్లవారుజామునే మొదలయ్యేది. పండుగ అన్నాక మోగాలి, నాకు ఫిర్యాదు లేదు. దాన్నెవరూ చప్పుడు అనరు, అంతే. మేము చేయనిది ప్రశాంతత. వాళ్లు చేసింది సందడి. నా భార్య మాత్రం ఇంకోలా చెప్పేది. 'మీరు పొద్దున పోతే రాత్రికొస్తారు. ఈ ప్రశాంతత అంతా నేనొక్కదాన్నే అనుభవిస్తున్నా' అనేది. మొహల్లాలో రోజుకు పదిసార్లు తలుపు తట్టేవాళ్లు, విసుక్కునేది. ఇక్కడ అజాన్ గాలివాటం ఉన్నప్పుడే వినపడేది. పక్కింటావిడ ఒకామె ఈద్ నాడు షీర్ ఖుర్మా వంటింట్లోనే నిలబడి తాగి, గిన్నె కడిగి చక్కెర పోసి ఇచ్చి, 'మా అత్తకు చెప్పొద్దక్కా' అనేది. ఎట్టకేలకు ఒక నిజమైన అత్త.

మన మొహల్లాల సంగతి కూడా మాట్లాడకపోతే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. నాతో పనిచేసిన ఒక దూదేకుల మిత్రుడికి కాలనీవాళ్లు సాయిబని ఇల్లివ్వలేదు. మన గల్లీలో ఒక సయ్యద్‌గారు, 'వాళ్లకు ఉర్దూ రాదు, నమాజు సరిగా రాదు, వాళ్లేం ముసల్మానులు' అని ఇవ్వలేదు. ఆయన దగ్గరా ఒక మర్యాదైన కారణం ఉంది, పై గదికి ఇంకా సున్నం వేయలేదట. ఆస్పత్రిలో పనిచేసే ఒక దళిత క్రైస్తవ నర్సుకు, పెళ్లికాని ఆడమనిషి అని ఇవ్వనివాళ్లలో ఐదుపూటలా నమాజు చేసేవాళ్లున్నారు. 1998లో వచ్చిన 'జల్‌జలా' నుంచి, 2004 నాటి 'వతన్' కథల నుంచి ముస్లిం సాహిత్యం మొహల్లాను ప్రేమగా రాసింది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' చదివినప్పుడు నాకు మా అమ్మ వంటింటి వాసన వచ్చింది. ఆ ప్రేమ అవసరమే, మన ఇళ్లు తెలుగు కథలోకి రావడానికే ఎన్నో దశాబ్దాలు పట్టింది. అయితే మన మొహల్లాలో 'బాడుగకు ఇవ్వబడును' అన్న రేకు కింద ఎవరు నిలబడి వెనక్కి పోయారో కూడా మన కథలే రాయాలి. బయటివాళ్లు రాస్తే అది మనల్ని తిట్టడానికి పనికొస్తుందని భయపడి దాచుకుంటున్నాం. నూర్‌బాషా రచయితలు అడుగుతున్న ప్రశ్నకు, వివక్ష అంటే మనకు బయటినుంచి జరిగేది మాత్రమే అన్నట్టు జవాబు చెప్పకుండా తప్పుకుంటున్నాం.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు, ఆయన భార్య నిజంగానే బాధపడ్డారు. మూడేళ్లలో ఒక్కమాట రాలేదు, మీలాంటివాళ్లు మళ్లీ దొరకరు అన్నారు. 'మీరు పేపరాయన కదా సార్, ప్రకటన మీరే రాసిపెట్టండి' అని కాగితం ఇచ్చాడు. రెండు పడకగదులు, బోరు నీళ్లు, వసారా, బండి పెట్టుకునే చోటు అని రాశాను. ఆయన చూసి, 'ప్రశాంత వాతావరణం అని కూడా వేయండి సార్, అదే కదా మన ఇంటికి పేరు' అన్నాడు. వేశాను. అప్పుడే మరదలి భర్త కూడా మంచి ఇల్లు వెతుక్కుంటున్నాడు, స్కూలు టీచరు. ఆ సంగతి చెప్పి, ప్రకటన ఎందుకు, వాళ్లకే ఇవ్వండి అన్నాను. ఆయన కాసేపు కాగితం మడతపెట్టాడు, విప్పాడు.

'మీరంటే వేరే సార్' అన్నాడు.

ప్రకటన మూడు రోజులు వచ్చింది. మరదలి కుటుంబం ఇప్పటికీ అల్మాస్‌పేటలో, పాత ఇంట్లోనే ఉంది.